నిద్రపోయే బిడ్డని లేపొద్దంట

మా ప్రాంతంలో పల్లె అంటే ఊరు కాదు. సినిమా పాటల్లో పల్లె అంటే పచ్చని పైరు, పాడి ఆవు, ఏటి ఒడ్డు. ఒంగోలు చుట్టుపక్కల మాత్రం "పల్లెలోంచి వచ్చాడు" అన్నారంటే మాలపల్లెలోంచో మాదిగపల్లెలోంచో వచ్చాడని అర్థం. ముందున్న మాటని మింగేస్తారు. మింగినా అందరికీ వినపడుద్ది.

జపాను వాళ్ళకీ ఇట్టాంటి మాట ఒకటుంది. బురాకు. దాని అసలు అర్థం నాలుగిళ్ళ వాడ, అంతే. కొన్ని జిల్లాల్లో ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడతారు. నారా, ఒసాకా, క్యోటో వైపు మాత్రం ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మనుషులు గొంతు తగ్గిస్తారు. ఎందుకంటే అక్కడ బురాకు అంటే తోలు పని చేసినవాళ్ళ వాడ. చచ్చిన గొడ్డుని మోసినవాళ్ళ వాడ. ఆ గొంతు తగ్గించడం నేను పుట్టినప్పటి నుంచి ఎరిగిందే.

నేను మాదిగపల్లె బిడ్డని. మా తాత లందలో తోలు నానేసి, తంగేడు చెక్కతో పదును పట్టేవాడు. మా నాయన చెప్పులు కుట్టాడు, పెళ్ళికీ చావుకీ జాతరకీ డప్పు కొట్టాడు. మా అమ్మ కూలికి పోయింది. మా ఇంట్లో డిగ్రీ కాయితం చూసింది నాతోనే మొదలు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పురుగుల అన్నం తిని చదివి, 2014 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను.

జపాను ప్రభుత్వం ఏటా కొన్ని దేశాల నుంచి ఉద్యోగంలో ఉన్న బడిపంతుళ్ళని ఏడాదిన్నర శిక్షణకి తీసుకుంటది. వయసు ముప్పై అయిదు లోపుండాలి, అయిదేళ్ళ సర్వీసుండాలి. నాకు వచ్చింది. 2022 అక్టోబరులో పోయి 2024 మార్చిలో తిరిగొచ్చాను. పోయే ముందు మా మండలంలో ఒక పెద్దకులం మాస్టారు నా భుజం తట్టి, "ఇక మీకేం బాధ లేదండీ, అక్కడ కులం లేదు" అన్నాడు. ఇక్కడుందని ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్క రోజే.

2023 శరత్కాలంలో మా యూనివర్సిటీ వాళ్ళు నన్ను రెండు వారాలు ఒక కొండ ఊరి బడికి పంపారు. నారా జిల్లా దక్షిణాన యోషినో కొండల్లో ఉంటది. ఆ ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో ముందుకు పోతే మీకే తెలుస్తది.

రైలు ఆగిపోయిన చోట బస్సెక్కి, ఏటి వెంట పోవాలి. రెండు పక్కలా గోడలాగా కొండలు. ఆ కొండల మీద సుగి, హినోకి చెట్లు గీత గీసినట్టు నిలబడి ఉంటాయి. అడవి అనుకుంటాం గానీ అది మనుషులు నాటిన తోట. అయిదారు వందల ఏళ్ళుగా అక్కడ కలప నాటి, పెంచి, కొట్టి బతికారు. 1964లో బయటి దేశాల కలపకి తలుపులు తెరిచేసరికి కొండ కలప ధర నిలబడలేదు. పిల్లలు ఒసాకా పోయారు. పెద్దోళ్ళు మిగిలారు. ఊళ్ళో సగానికి పైగా అరవై అయిదు దాటినవాళ్ళే ఉంటే ఆ ఊరికి అక్కడొక పేరుంది, గెంకాయ్ షూరాకు. అంచుకి చేరిన ఊరు అని. నేను చూసింది అట్టాంటి ఊరే. ఇళ్ళు శుభ్రంగా ఉంటాయి, తలుపులు మూసి ఉంటాయి. చెట్టున ఖాకీ పళ్ళు కోసేవాళ్ళు లేక ఎర్రగా వేలాడతా ఉంటాయి.

బడిలో పదకొండు మంది పిల్లలు. రెండు తరగతులు ఒక గదిలో, ఒకే టీచరు ముందు ఒక తరగతికి, వెనక్కి తిరిగి ఇంకో తరగతికి చెప్తది. నాకు ఇందులో కొత్త లేదు, నేను ఒక్కడినే అయిదు తరగతులు చెప్పినోడిని. కొత్తగా ఉంది మధ్యాహ్నం అన్నం. పిల్లలే తెల్ల కోట్లు తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని అందరికీ వడ్డిస్తారు. పంతులుకీ వాళ్ళే వడ్డిస్తారు. ఎవరు వండారని ఏ పిల్లోడూ అడగలా. మా వైపు ఒక బడిలో వంటామె మాదిగామె అని తెలిసి ఊరి పిల్లలు టిఫిను డబ్బాలు తెచ్చుకోవడం నా కళ్ళతో చూశాను.

నేను ఉన్న ఇంట్లో ఇద్దరే, ముసలాయనా ముసలామే. మొదటి రోజే ఆయన నన్ను ఊరి పైకి తీసుకుపోయాడు. బండ సందులోంచి ఊట కారతా ఉంది. అక్కడొక వెదురు గరిటె పెట్టి ఉంది. ఆయన తాగి, కడిగి, నా చేతికిచ్చాడు. అదే గరిటె.

చదివేవాళ్ళకి ఇది చిన్న సంగతి. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా. 1985 జూలై 17న కారంచేడులో మావాళ్ళు ఆరుగురిని చంపింది మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాటకి. మేం తాగే నీళ్ళల్లో గేదెల కుడితి కడగొద్దు అన్నందుకు. నేను పుట్టకముందు జరిగిన ఆ సంగతిని మా అమ్మ నాకు కథలు చెప్పే వయసులోనే చెప్పింది. అందుకని ఆ కొండ మీద నేను నీళ్ళు తాగడానికి కొంచెం సేపు పట్టింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఊరు బాగుంది, నీళ్ళు బాగున్నాయి, మనుషులు మర్యాదగా ఉన్నారు అని చెప్పాను. అమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"ఆ ఊళ్ళో మనోళ్ళు యాపక్కన ఉంటారు నాయనా?"

మా అమ్మ బడి మొహం చూడలేదు. జపాను ఎక్కడుందో ఆమెకి తెలియదు. ఊరంటూ ఉంటే దాని పక్కన ఒక పల్లె ఉంటదని ఆమెకి తెలుసు. ఊరి చచ్చిన గొడ్డుని ఎవరో ఒకరు మోయాలి గదా, ఊరి డప్పు ఎవరో ఒకరు కట్టాలి గదా.

నాలుగు రోజులకి గుడి పండగొచ్చింది. గుడిలో పెద్ద డోలు బయటికి తీశారు. తైకో అంటారు. కెయకి చెట్టు మొద్దుని లోపల తొలిచి, రెండు మూతులకీ తోలు బిగించి, చుట్టూ గుబ్బ మేకులు కొట్టి ఉంది. మన డప్పుకి మంట కావాలి, కాచకపోతే పలకదు. దీనికి మంటక్కర్లేదు. ముసలాయన కొడితే కొండకి తగిలి తిరిగొచ్చింది. ఆ శబ్దం కడుపులోకి దిగుద్ది. పిల్లలు చుట్టూ చేరారు. వందేళ్ళు దాటిన డోలని ఆయన నాకు గొప్పగా చెప్పాడు. మొద్దు ఏ కొండ మీద కొట్టారో, ఎవరి తాత దానం ఇచ్చాడో అన్నీ చెప్పాడు.

నేను తోలు మీద చెయ్యి పెట్టి, ఆవు తోలు గదా, వెన్ను భాగం గదా అన్నాను. "ఎట్టా తెలిసింది సెన్సెయ్?" అని ఆశ్చర్యపోయాడు. మా తాత పని అదేనని చెప్పాను. తోలు పని. నాకొచ్చిన జపాను భాషలో ఆ మాట తప్పు లేకుండానే పలికాను. తోలు ఎవరు పదును పట్టారు, డోలు ఎవరు కట్టారు అని అడిగాను.

ఆయన మాట్లాడలా. ఇంటికొచ్చాక ముసలామె టీ పోసింది. కప్పు మార్చలేదు, నేను చూశాను. పోస్తా నెమ్మదిగా చెప్పింది. "కింద ఏటి ఒడ్డున కొన్ని ఇళ్ళుండేవి. వాళ్ళు చేసేవాళ్ళు. మంచివాళ్ళే. ఇప్పుడెవరూ లేరు. పిల్లలకి ఆ సంగతులు చెప్పం. నిద్రపోయే బిడ్డని లేపొద్దంటారు గదా."

నెతా కో వో ఒకోసు నా. నిద్రపోయే బిడ్డని లేపకు. ఇది ఆమె సొంత మాట కాదు, బురాకు సంగతి వస్తే ఆ దేశమంతా చెప్పుకునే మాట. ఎత్తకపోతే అదే పోద్ది, తెలియని పిల్లలకి తెలపడం దేనికి అని. ఆమె చెడ్డది కాదు. నాకు దుప్పటి కప్పిన మనిషి. కానీ "మంచివాళ్ళే" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మా ఊరోళ్ళు మా నాయన గురించి అట్టాగే అనేవాళ్ళు. మాదిగోడైనా మంచోడు అని.

మర్నాడు సాయంత్రం బడి టీచరు నన్ను తన కారులో దింపుతా, ఏటి వంతెన మీద ఆపింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. కింద రాతి పునాదులు చూపించింది. గడ్డి మొలిచి ఉన్నాయి. "అందులో ఒకటి మా అమ్మమ్మ ఇల్లు సెన్సెయ్. బడిలో ఎవరికీ తెలియదు" అంది. ముసలామె నాతో మాట్లాడిన సంగతి ఆమె చెవిన పడిందంట. ఊరు చిన్నది.

ఆమె చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి రాస్తున్నాను. తొకుగవా దొరల పాలనలో ఈ మనుషులని ఎతా అన్నారు. ఆ మాటని మైల ఎక్కువ ఉన్నవాళ్ళు అనే అర్థమొచ్చే అక్షరాలతో రాశారు. ఇంకొందరిని హినిన్ అన్నారు, అంటే మనుషులు కానివాళ్ళు. ఊరి బయట, ఏటి ఒడ్డున, వరదొచ్చే చోట చోటిచ్చారు. 1871లో కొత్త ప్రభుత్వం ఆ పేర్లు రద్దు చేసింది. రద్దు చేసినందుకు రైతులు కొన్నిచోట్ల తిరగబడ్డారు. 1873లో మిమసాకా అనే చోట బురాకుల మీద పడి ఇళ్ళు తగలబెట్టి మనుషుల్ని చంపారు. ప్రభుత్వం మీద కోపమైతే పల్లె మీద పడ్డం ఏంటి? మనకి ఈ ప్రశ్న కొత్త కాదు, జవాబూ కొత్త కాదు.

చట్టం పేరు తీసేసింది గానీ, 1872లో మొదలుపెట్టిన కుటుంబ రిజిస్టర్లలో చాలాచోట్ల పాత పుట్టుక ఆనవాలు ఉండిపోయింది. ఆ రిజిస్టర్లు జనం చూడకుండా మూసింది 1968లో. మూసిన ఏడేళ్ళకే, 1975లో ఇంకోటి బయటపడింది. దేశంలోని బురాకు ఊళ్ళ పేర్లు, ఇళ్ళ లెక్క, చేసే పనులు అచ్చేసిన రహస్య పుస్తకాలు పోస్టులో అమ్ముతున్నారు. రెండు వందలకి పైగా కంపెనీలు కొన్నాయి. ఉద్యోగానికొచ్చిన పిల్లోడు ఏ వాడ నుంచి వచ్చాడో చూడ్డానికి. ఇప్పుడర్థమైందా, నేను ఆ కొండ ఊరి పేరు ఎందుకు రాయనో? మనం ఊరి పేరు చెప్తే "మీ ఇల్లు యాడ?" అని తర్వాత ప్రశ్న వస్తది. వాళ్ళకి ఊరి పేరే కులం కాయితం.

ఆ ఆట ఆగలేదు. 2016లో ఒకరు 1936 నాటి సర్వే పుస్తకం తిరిగి అచ్చేస్తామని ఆ పేర్లన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారు. బురాకు జనం కోర్టుకెక్కారు. నేను అక్కడున్నప్పుడే, 2023 జూన్‌లో టోక్యో హైకోర్టు, వివక్ష లేకుండా బతికే హక్కు మనిషికి ఉందని తీర్పు చెప్పింది.

టీచరు వాళ్ళ పెద్దమ్మ కూతురికి పెళ్ళి కుదిరి తప్పిపోయిందంట. పిల్లోడి తరపు వాళ్ళు ఎవర్నో పెట్టి ఆరా తీయించారు. ఆ రోజు దాకా ఆ అమ్మాయికి తాను ఎవరో తెలియదు. ఇంట్లోవాళ్ళు ప్రేమతోనే దాచారు. నిద్రపోయే బిడ్డని లేపకుండా ఇరవై ఆరేళ్ళు పెంచితే, ఆరా తీసేవాడి కాయితం వచ్చి లేపింది.

"మీ దేశంలో చెప్పుకుంటారా సెన్సెయ్?" అని అడిగింది. నాకు ఉద్యోగం రావాలంటే కులం కాయితం చూపించాలి, నీకు రావాలంటే ఆ కాయితం కనపడకూడదు అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వొచ్చే సంగతి కాదు.

ఆమె నాకొక నవల ఇచ్చింది, ఇంగ్లీషు అనువాదం. 1906లో షిమజాకి తోసోన్ రాసిన 'హకాయ్'. నగనో కొండల్లో ఊషిమత్సు అనే బడిపంతులు కథ. పుట్టుక ఎవరికీ చెప్పొద్దని తండ్రి ఆన పెడతాడు. చివరికి దాచుకోలేక చెప్తాడు. ఎట్టా చెప్తాడు? తరగతిలో పిల్లల ముందు మోకాళ్ళ మీద పడి, ఇంతకాలం దాచినందుకు క్షమించమంటాడు. చెప్పి దేశం వదిలి టెక్సాస్ పోవడానికి సిద్ధమైపోతాడు. పుస్తకం గొప్పదే. ఆ రోజుల్లో అంత మాట రాయడానికి దమ్ము కావాలి. కానీ ఆ పేజీ దగ్గర నాకు రక్తం మరిగింది. పంతులు చేసిన నేరం ఏంటి? మోకాళ్ళ మీద పడాల్సింది ఎవరు? నేనూ తరగతి గదిలో బతికేవాడినే. నల్లబల్ల ముందు మనిషి మోకరిల్లితే ముందు బెంచీలో కూర్చున్న మన బిడ్డ ఏం నేర్చుకుంటాడు?

దానికి జవాబు పదహారేళ్ళ తర్వాత వచ్చింది. అదే నారా జిల్లాలో కషివబరా అనే ఊరు. ఈ పేరు రాస్తాను, ఎందుకంటే వాళ్ళే బోర్డు కట్టి రాసుకున్నారు. ఇప్పుడది గోసె పట్టణంలో భాగం. పడమట కత్సురాగి, కొంగో కొండలు. ఒకనాడు అక్కడ తోలునుంచి జిగురు కాచేవాళ్ళు. ఆ ఊరి కుర్రాళ్ళు ముగ్గురు, సైకో మంకిచి, సకమోతో సెయిచిరో, కొమాయి కిసాకు. సైకో గుడి పూజారి కొడుకు, అయినా ఎతానే. ఈ అవమానం పడలేక ముందు దేశం వదిలి సెలెబెస్ దీవికి పోదామనుకున్నారు. తర్వాత పోవడం మానేశారు. ఇక్కడే నిలబడదామనుకున్నారు. 1922 మార్చి 3న క్యోటోలో దేశం నలుమూలల నుంచి జనాన్ని పోగేసి సూయ్‌హెయ్‌షా పెట్టారు. సూయ్‌హెయ్ అంటే ఎత్తుపల్లాలు లేని నీటిమట్టం. నల్ల గుడ్డ మీద ఎర్ర ముళ్ళ కిరీటం వాళ్ళ జెండా. ఆ రోజు చదివిన ప్రకటనలో వాళ్ళు ఎవర్నీ జాలి అడగలా. తమని తిట్టే ఆ ఎతా అన్న మాటనే ఎత్తుకుని, అది తమకి గర్వమని చెప్పారు. మరుసటేడు, 1923లో, కొరియాలో కసాయి పని చేసే బెక్‌జోంగులు చింజు పట్టణంలో హ్యోంగ్‌ప్యోంగ్‌సా పెట్టుకున్నారు. అదీ త్రాసు సమంగా నిలవాలన్న పేరే.

1998 నుంచి కషివబరాలో సూయ్‌హెయ్‌షా మ్యూజియం ఉంది. ఆ టీచరూ నేనూ కలిసి పోయాం. జెండా ముందు ఆమె చాలాసేపు నిలబడింది. నాకు మా ఇంటి తలుపు గుర్తొచ్చింది. 1994 జూలై 7న ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు నాకు రెండేళ్ళు. రెడ్డి, శర్మ, చౌదరి అని వాళ్ళు పెట్టుకుంటే లేని సిగ్గు మనకెందుకని మనోళ్ళు పేరు పక్కన మాదిగ అని పెట్టుకోవడం మొదలుపెట్టారు. మా నాయనకి సంతకం ఒక్కటే వచ్చు. ఎవరితోనో రాయించుకుని, దాన్ని చూసి, తలుపు మీద తన పేరూ పక్కన మాదిగ అనీ సున్నంతో రాశాడు. తోలు వెంట్రుకలు ఊడ్చే సున్నమే అది. ఆ సంగతి ఆమెకి చెప్పాను.

ఇంకో సంగతి ఆమె నాకు చెప్పింది, టీచర్లందరూ వినాల్సింది. జపాను బడి పిల్లల పుస్తకం అట్ట వెనక, ఇది పన్నుల డబ్బుతో ఉచితంగా ఇస్తున్నామని అచ్చేసి ఉంటది. ఎవరు కొట్లాడితే వచ్చిందో రాసి ఉండదు. 1961లో షికోకు దీవిలో, కోచి నగరం నగహమలో బురాకు తల్లులు, చదువు హక్కయితే పుస్తకం కొనడం ఏంటని ఎదురు తిరిగారు. 1963కల్లా దేశమంతటికీ చట్టం వచ్చింది. ఆ కొండ ఊరి పదకొండు మంది పిల్లలూ ఆ తల్లులు తెచ్చిన పుస్తకమే చదువుతున్నారు. కింద ఏటి ఒడ్డున ఎవరుండేవాళ్ళో మాత్రం వాళ్ళకి చెప్పరు. 1969లో ప్రత్యేక చట్టం తెచ్చి 2002 దాకా బురాకుల్లో ఇళ్ళూ రోడ్లూ వేశారు. అది జరిగింది, కాదనను. 2016 డిసెంబరులో బురాకు వివక్ష ఇంకా ఉందని ఒప్పుకుంటా మళ్ళీ ఒక చట్టం చేయాల్సి వచ్చింది. సిమెంటు రోడ్డు వేసినంత మాత్రాన పల్లె పేరు మారదని మన కాలనీలు చూసినా తెలుస్తది.

తిరిగొచ్చాక నా బడిలో నాలుగో తరగతికి డప్పు గురించి చెప్పాను. తోలు ఎక్కడ్నుంచి వస్తది, ఎవరు పదును పడతారు, కొట్టేవాడిని గుడి బయట ఎందుకు నిలబెడతారు. రెండో రోజే ఊళ్ళోంచి ఒక తండ్రి వచ్చాడు. "చిన్నపిల్లలకి ఈ కులాల సంగతి ఎందుకు మాస్టారూ? వాళ్ళ మనసులో లేనిది మీరు పెట్టడం దేనికి?" అన్నాడు. జపాను ముసలామె మాట అది. సముద్రాలు దాటి ఆ మాట ఎట్టా వచ్చిందో చూడండి.

ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. నిద్రపోయేది మీ బిడ్డ. మా బిడ్డ ఎప్పుడు నిద్రపోయాడు? వాడిని బోరింగు దగ్గర లేపుతారు, గుడి మెట్ల దగ్గర లేపుతారు, బడిలో మొదటి రోజు పేరు పిలిచేటప్పుడే లేపుతారు. యోషినో కొండల పిల్లని పెళ్ళిపీటల దగ్గర లేపుతారు. లేపే హక్కు ఎప్పుడూ వాళ్ళదే అయితే, అది మన చెవిలో తిట్టులాగానే పడుద్ది. మన బిడ్డని మనమే ముందు లేపుకుంటే, చేతిలో డప్పు పెట్టి, ఇది మీ తాత కట్టింది అని చెప్పి లేపుకుంటే, ఆ మెలకువ వేరే ఉంటది.

పేరు బయటికి చెప్పి తీరాలని నేను ఎవరి మెడ మీదా కత్తి పెట్టను. హైదరాబాదులో అద్దెకి గది దొరక్క ఇంటిపేరు మార్చి చెప్పే పిల్లలు నాకు తెలుసు. కంపెనీలో రిజర్వేషన్ మాటొస్తే తల దించుకుని కాఫీ తాగే పిల్లలూ తెలుసు. వాళ్ళని నేను తప్పు పట్టను. సిగ్గు పడాల్సింది అడిగేవాడు. నేను అడిగేది ఒక్కటే. బయటికి చెప్పినా చెప్పకపోయినా ఇంట్లో చెప్పండి. తాత చేసిన పని, ఆ పని ఎట్టా చేసేవాడో, దానికి ఎంత విద్య కావాలో పిల్లలకి చెప్పండి.

ఆ టీచరు ఇంకా బడిలో చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలో అది ఆమె ఇష్టం. ఇది రాస్తానని అడిగితే, ఊరి పేరు రాయొద్దు, నా పేరు రాయొద్దు, మిగతాదంతా రాయండి అంది. పోయిన పండక్కి ఆమె పిల్లలతో కలిసి ఆ డోలు తుడిచిందంట. "టీచర్, ఇది ఎవరు చేశారు?" అని ఒక పిల్ల అడిగిందంట. ఏటి వైపు చూపించాను అని రాసింది.